వేసవి దీపపు బిల్లు – మన బాధ్యత
(సూళగిరిలో ఉగాది తరువాతి ఆదివారమునాడు జరిగిన మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి సంవత్సరము ఈ సభలో మన భాషను గురించియు, మన పిల్లల చదువును గురించియు మాటలాడుకొనుట వాడుక. ఈసారి కార్యవర్గమువారు నన్ను కరెంటు బిల్లును గురించి మాటలాడుమనిరి. ఇది తెలుగు సంఘమునకు తగిన విషయమా యని కొందరు నవ్విరి. తగినదే యని నా మనవి. భాషను నిలుపుకొనవలెనన్న ఆ భాష మాటలాడు మనుష్యులు ముందు నిలువవలెను గదా. వారి ఇంటిలో దీపము వెలుగవలెను, ఎండకాలమున ఒక ఫ్యాను తిరుగవలెను. నేను పండితుడను కాను. తూనికయు, లెక్కయు తెలిసిన వర్తకుడను. కావున లెక్కతోనే చెప్పెదను.

హోసూరు ప్రాంతము చల్లని సీమయని మన పెద్దలనాటి నుండి పేరున్నది. ఆ మాట పెంకుటింటికిని, చెట్టునీడకును చెల్లునుగాని, నేటి రేకుల కప్పునకు చెల్లదు. హోసూరు, సూళగిరి పారిశ్రామికవాడలకు పనికై వచ్చినవారికొరకు మనమందరము ఇంటి వెనుక, తోట ప్రక్కన గదుల వరుసలు కట్టితిమి. పది అడుగుల గది, పైన రేకు, ఒక కిటికీ. చైత్ర వైశాఖములలో మిట్టమధ్యాహ్నము ఆ గదిలో ఒక గడియ కూర్చుండి చూడుడు. మన ఊరు చల్లనిదని మరల అనజాలరు.

ఎండ ప్రాణము తీయునన్న సంగతి మన తెలుగు సీమవారికి క్రొత్త కాదు. 2015 మే మాసమున ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో వడదెబ్బకు వెయ్యిమందికి పైగా మరణించిరి. వారిలో వృద్ధులును, కూలిపని చేయువారును అధికము. తమిళనాడు ప్రభుత్వము 2024 అక్టోబరులో వడగాలిని రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబమునకు 4 లక్షల రూపాయల సహాయము నిర్ణయించినది. ఇది మంచి పనియే. కాని ప్రాణము పోయిన తరువాత ఇచ్చు 4 లక్షలకంటె, పోకుండ చేయు ఫ్యానునకు కావలసిన నాలుగు రూపాయలు మేలు గదా.

ఆ నాలుగు రూపాయల సంగతి ఇప్పుడు చూతము. 75 వాట్ల పాతతరపు ఫ్యాను దినమునకు 16 గంటలు తిరిగినచో 1.2 యూనిట్ల విద్యుత్తు అగును. రెండు మాసములకు 72 యూనిట్లు. ఇంటిలో ముసలివారో, బాలింతయో, మంచమెక్కిన రోగియో ఉన్నచో 16 గంటలు ఎక్కువ కాదు. దానికి రెండు దీపములను, ఒక టీవీని కలిపినచో 100 యూనిట్లు దగ్గరకు వచ్చును. ఒక చిన్న ఫ్రిజ్జు ఉన్నచో దాటిపోవును. పేదవాని వేసవి అవసరము దాదాపు ఇంతే.

దీనికై ప్రభుత్వము చేసిన సహాయమేమి? 2016 మే 23న జయలలితగారు ముఖ్యమంత్రిగా పదవి స్వీకరించిన దినముననే సంతకము చేసిన ఉత్తరువులలో ఒకటి, గృహ వినియోగదారులకు రెండు మాసములకు 100 యూనిట్లు ఉచితముగా ఇచ్చునట్టిది. అంతకు ముందే 1990లో రైతుల పంపులకు ఉచిత విద్యుత్తు వచ్చినది. చేనేత మగ్గములకు రెండు మాసములకు 200 యూనిట్లు ఉచితముగా ఉండగా, 2023లో దానిని 300 చేసిరి. గుడిసెలకు వేరుగా ఉచిత దీపము కలదు. కనుక ప్రభుత్వము చేయి చాచలేదని అనుటకు వీలు లేదు. ఆ చేయి చాచినది ఎవరికో చూడవలెను. అది ఇచ్చునది మీటరునకు. మీటరు ఎవరి పేర ఉన్నదో వారికి.

ఇక్కడనే నా దోషమును మీయెదుట చెప్పుకొనవలసి యున్నది. బజారు వెనుక నాకు నాలుగు గదుల వరుస ఒకటి కలదు. నాలుగింటికిని కలిపి మీటరు ఒకటే, అది నా పేర. గది గదికి ఒక చిన్న లెక్కమీటరు పెట్టించి, యూనిటునకు 8 రూపాయల చొప్పున అద్దెతో కలిపి వసూలు చేయుచుంటిని. ఊరిలో అందరును అట్లే చేయుదురు, నేనును చేసితిని. ఇందులో తప్పున్నదని నాకెన్నడును తోచలేదు.

2023 వేసవిలో ఒకనాటి మధ్యాహ్నము ఆ వరుసలో ఒక గదినుండి కేక వినవచ్చినది. ఒంటరిగా నుండు ఒక ముసలమ్మ తడిగుడ్డ నెత్తిన వేసికొని గోడకు చేరగిలబడి స్పృహ లేకుండ ఉన్నది. ఆసుపత్రికి తీసికొనిపోయితిమి, దైవానుగ్రహమున కోలుకొన్నది. గదిలో ఫ్యాను ఉన్నది, అది బాగుగనే తిరుగును. “ఎందుకమ్మా వేసుకోలేదు?” అని అడిగితిని. “పగలు ఏస్తే రాత్రికి మిగలదు నాయనా, యూనిటుకు ఎనిమిది రూపాయలు కదా” అని ఆమె చెప్పెను. ఆ ఎనిమిది రూపాయలు అడుగువాడను నేనే. ఆమె నన్ను నిందింపలేదు. లెక్క చెప్పినదంతే.

ఆ రాత్రి దుకాణము మూసి, ఆ రెండు మాసముల లెక్కను కాగితముపై వేసితిని. దానిని మీకును చూపెదను. అప్పటి రేట్లు 2022 సెప్టెంబరు 10న అమలునకు వచ్చినవి. 2024 జూలైలో అవి కొంచెము పెరిగినవి, కనుక మీ చేతిలోని బిల్లునందు అంకెలు వేరుగా ఉండును. లెక్క తీరును మాత్రము గమనింపుడు.

నాటి రేటు ఇది. రెండు మాసముల వాడుక 500 యూనిట్లకు లోబడినచో, మొదటి 100 ఉచితము, 101 నుండి 200 వరకు యూనిటునకు 2 రూపాయల 25 పైసలు, 201 నుండి 400 వరకు 4 రూపాయల 50 పైసలు, 401 నుండి 500 వరకు 6 రూపాయలు. వాడుక 500 దాటినచో, 101 మొదలు 200 వరకు గల తక్కువ రేటు పోవును. అప్పుడు 101 నుండి 400 వరకు 4 రూపాయల 50 పైసలు, తరువాతి నూటికి 6 రూపాయలు, 501 నుండి 600 వరకు 8 రూపాయలు. కావున 500 యూనిట్లకు 1,725 రూపాయలు కాగా, 510 యూనిట్లకు 2,030 రూపాయలు. పది యూనిట్లకు 305 రూపాయలు ఎక్కువ. వేసవిలో పేదవాని కాలు జారునది ఈ గట్టుమీదనే.

ఇక నా వరుస. ముసలమ్మ గదిలో వాడుక 60 యూనిట్లు. తక్కిన మూడు గదులలో 140, 150, 170. మొత్తము 520. మీటరు ఒకటే కనుక 500 దాటినది, బిల్లు 2,110 రూపాయలు వచ్చినది. నేను నలుగురివద్ద 8 రూపాయల చొప్పున వసూలు చేసినది 4,160. నాకు మిగిలినది 2,050.

అదే నాలుగు గదులకును నాలుగు మీటర్లు ఉండినచో ఏమగును? ముసలమ్మకు బిల్లు సున్న. తక్కినవారికి 90 రూపాయలు, 112 రూపాయల 50 పైసలు, 157 రూపాయల 50 పైసలు. నలుగురికిని కలిపి 360 రూపాయలు. ప్రభుత్వము ఆ కుటుంబములకు నిర్ణయించిన భారము 360. వారు మోసినది 4,160. ముసలమ్మ ఒక్కతెయే సున్నకు బదులు 480 రూపాయలు నాకు చెల్లించినది. ఆ 480 మిగుల్చుకొనవలెననియే ఫ్యాను ఆపుకొన్నది.

అయ్యలారా, తూకములో ఒక పలము తగ్గించిన వర్తకుని మనము దొంగ యందుము. పేదవానికై ప్రభుత్వము పంపిన సహాయమును గుమ్మము దగ్గర పట్టి మన పెట్టెలో వేసికొనుట దానికంటె ఏమి తక్కువ? అనుమతి లేనివాడు విద్యుత్తును పంపిణీ చేయుటయు, దానితో వ్యాపారము చేయుటయు కూడదని 2003 నాటి విద్యుచ్ఛక్తి చట్టము 12వ సెక్షను చెప్పుచున్నది. చట్టము మాట అటుంచుడు. మన ఇంట అద్దెకున్నవారు మన నీడనున్నవారు. ఆ నీడకు మనము వేడిని అమ్మరాదు.

మరుసటి దినము ఆమె పైకమును తిరిగి ఇయ్యబోతిని. ఆమె తీసికొనలేదు. “దుడ్డు వద్దు నాయనా, నాకని ఒక మీటరు పెట్టించు. ఎవురినీ అడగకుండా ఫ్యాను ఏసుకుంటా” అన్నది. నాలుగు గదులకును వేరు వేరు మీటర్లు పెట్టించితిని. కార్యాలయము చుట్టును కొన్నాళ్లు తిరుగవలసి వచ్చినది, ఖర్చును అయినది. ఆ ఖర్చును అద్దెలో కలుపలేదు. ఇది గొప్పకై చెప్పుట లేదు. ఎన్నో యేండ్లు చేసిన తప్పునకు అది చాలదని నాకు తెలియును.

మన పొరుగు రాష్ట్రములు ఈ చిక్కును ఎట్లు చూచినవో కూడ తెలిసికొనుట మంచిది. అత్తిబెలె, ఆనేకల్లులలో మనకు బంధువులు కలరు గదా. కర్ణాటకమున 2023లో గృహజ్యోతి పథకము వచ్చినది. నెలకు 200 యూనిట్లకు లోబడి, ప్రతి ఇంటి పూర్వపు సగటు వాడుకకు 10 శాతము కలిపి ఉచితముగా ఇచ్చుట దాని తొలి నియమము. అద్దె ఇండ్లవారును తమ పేర నమోదు చేసికొనవచ్చునని అందు స్పష్టముగా చెప్పిరి. తెలంగాణమున 2024 మార్చి నుండి అదే పేరుగల పథకమున రేషను కార్డు గల ఇండ్లకు 200 యూనిట్ల వరకు సున్న బిల్లు ఇచ్చిరి. రెండింటను మంచి యున్నది, రెండింటను వేసవి చిక్కు ఉన్నది. కర్ణాటకమున సగటు చూతురు, కాని ఎండకాలపు వాడుక సగటును మించును. తెలంగాణమున 200 దాటిన మాసమున ఆ మాసపు బిల్లు అంతయు చెల్లింపవలెను. ఒక్క యూనిటు దాటుట ఎండకాలముననే గదా జరుగును.

దూరదేశపు సంగతి ఒకటి చెప్పెదను. అమెరికాలో తక్కువ ఆదాయము గల ఇండ్ల ఇంధన వ్యయమునకై 1981లో ఒక సహాయ పథకము ఏర్పడినది. మొదట చలికాలపు వెచ్చదనమే దాని ముఖ్యోద్దేశము. వేసవి చల్లదనమునకు కూడ అది ఉపయోగపడుచున్నది. అందు వృద్ధులు, వికలాంగులు, పసిపిల్లలు గల ఇండ్లకు ప్రాధాన్యము ఇత్తురు. అంత సంపన్న దేశము సహితము ఎండను, చలిని పేదవాని సొంత సమస్యయని విడువలేదు. ఆ పథకమునందు మనము గ్రహింపదగిన విషయమొకటి కలదు. వారు మీటరును గాక ఇంటిలోని మనిషిని చూచెదరు.

ఉచితము ప్రజలను సోమరులను చేయును, విద్యుత్తు సంస్థ అప్పులలో మునిగియున్నది అని మనలో కొందరు వాదింతురు. అప్పు మాట నిజము. తమిళనాడు విద్యుత్ పంపిణీ సంస్థ అప్పు లక్ష కోట్ల రూపాయలకు మించినది. అందుకే నేను అందరికిని ఇంకను ఉచితము కావలెనని కోరుట లేదు. నా ఇంటికిని ఆ 100 యూనిట్లు వచ్చినవి, మేడలో ఏసీ యంత్రము పెట్టుకొన్న మీ ఇంటికిని వచ్చినవి. మనకు అవి లేకున్నను నిద్ర పట్టును. అంత్యోదయ కార్డు గల కుటుంబమేదో, వృద్ధాప్య పింఛను తీసికొనువారెవరో ప్రభుత్వమువద్ద పట్టిక యున్నది. ఏప్రిలు మొదలు జూను వరకు అట్టి ఇండ్లకు, అద్దెవారైనను సొంతవారైనను, కొంత ఎక్కువ సహాయము చేయుడని అడుగుట న్యాయము. సహాయము మీటరు వెంట గాక కుటుంబ కార్డు వెంట పోవలెను. 2003 చట్టపు 65వ సెక్షను ప్రకారము, రాష్ట్ర ప్రభుత్వము రాయితీ ఇచ్చినచో ఆ సొమ్మును పంపిణీ సంస్థకు ముందుగా చెల్లింపవలెను. కనుక రాయితీ వేరు, సంస్థ నష్టము వేరు.

ఇక మన భాష మాట. బిల్లు తమిళమునను, ఇంగ్లీషునను వచ్చును. మన పెద్దవారిలో తమిళము మాటలాడగలిగియు చదువలేనివారు పెక్కుమంది కలరు. సెల్‌ఫోనునకు వచ్చిన సందేశమును చదువలేక, గడువు దాటిపోయి, కనెక్షను పోగొట్టుకొన్నవారిని నేను ఎరుగుదును. వారికి మూడు సంగతులు చెప్పవలసి యున్నది.

మొదటిది, ఏ బాధనైనను కేంద్ర, రాష్ట్ర అధికారులకు, దేశమునగాని రాష్ట్రమునగాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను విన్నవించుకొనవచ్చునని రాజ్యాంగము 350వ అధికరణము చెప్పుచున్నది. ఈబీ కార్యాలయమునకు తెలుగున అర్జీ వ్రాయుట మన హక్కు. హక్కు హక్కే యైనను, పని త్వరగా సాగుటకై ఒక తమిళ ప్రతిని జతపరచుట వివేకము. మన సంఘములో రెండు భాషలును వ్రాయు యువకులు కలరు.

రెండవది, బాకీ ఉన్నంతమాత్రమున మరునాడే తీగ కోయుటకు వీలు లేదు. 56వ సెక్షను ప్రకారము వ్రాతమూలముగా 15 పూర్తి దినముల నోటీసు ఇయ్యవలెను. బిల్లు తప్పని తోచినచో, ఆక్షేపణ తెలుపుచు అడిగిన మొత్తమునుగాని, గత 6 మాసముల సగటు చొప్పున లెక్కించిన మొత్తమునుగాని, ఏది తక్కువైన దానిని చెల్లించి, తగవు తీరువరకు కనెక్షనును కాపాడుకొనవచ్చును.

మూడవది, ఫిర్యాదునకు మార్గము కలదు. 1912 సంఖ్యకు ఫోను చేయవచ్చును. 2021 జూనులో చెన్నైలో ‘మిన్నగం’ అను ఫిర్యాదుల కేంద్రమును తెరచిరి. అక్కడ తీరనిచో వినియోగదారుల ఫిర్యాదుల వేదిక యున్నది, దానిపైన చెన్నైలో అంబుడ్స్‌మన్ కలరు. ప్రతిసారియు రసీదును, ఫిర్యాదు సంఖ్యను వ్రాసి ఉంచుకొనుడు. కాగితము లేని మాటకు కార్యాలయములో బరువుండదు.

కావున మన సంఘము ఈ వేసవికి నాలుగు పనులు పెట్టుకొనవలెనని నా కోరిక.

ఒకటి, అద్దె గదులు గల ప్రతి సభ్యుడును కుటుంబమునకు ఒక మీటరు చొప్పున పెట్టించుటకు అర్జీ పెట్టవలెను. మీటరు వచ్చువరకు, ఈబీ బిల్లును అద్దెవారికి చూపి, వచ్చిన మొత్తమునే వాడుక ననుసరించి పంచవలెను. దానిపై ఒక్క పైసయు లాభము కూడదు.

రెండు, ప్రతి ఆదివారము ఉదయము రెండు గంటలసేపు ఇచ్చట ఒక బల్ల వేసి, ఎవరు వచ్చినను, ఏ భాష వారైనను, వారి బిల్లును చదివి చెప్పవలెను. ఒడియా కూలీవాడు వచ్చినను పంపివేయరాదు. మన తాతలు ఈ సీమకు వచ్చిననాడు మనకును ఎవరో ఒకరు కాగితము చదివి చెప్పియుందురు.

మూడు, పాత ఫ్యానులను మార్చుటకు చిన్న నిధి. ఇప్పుడు 30 వాట్లతో తిరుగు ఫ్యానులు వచ్చినవి. పైన చెప్పిన 16 గంటలకు రెండు మాసములలో 72 యూనిట్లకు బదులు 29 యూనిట్లే యగును. 43 యూనిట్లు మిగులును. ఒక సంవత్సరపు బిల్లునకు సహాయము చేయుటకంటె ఒక ఫ్యాను ఇచ్చుట మేలు, అది ఎన్నో యేండ్లు సహాయము చేయును. సొంత మిద్దె గలవారు 2024లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన ‘పీఎం సూర్యఘర్’ పథకము క్రింద సౌరపలకలు పెట్టించుకొనుటను ఆలోచింపుడు. 3 కిలోవాట్లకు 78,000 రూపాయల వరకు రాయితీ నిర్ణయించిరి. మిద్దె లేనివానికి అది అందదు. కనుకనే మిద్దె గలవారి బాధ్యత ఎక్కువ.

నాలుగు, అంత్యోదయ కుటుంబములకు వేసవి మాసములలో ప్రత్యేక సహాయము చేయుడని జిల్లా కలెక్టరుగారికి తెలుగున ఒకటి, తమిళమున ఒకటి మహజరు సమర్పించుట. దానిపై మన సంతకములతోపాటు మన అద్దెవారి సంతకములును ఉండవలెను. అయితే మొదటి పని చేయకుండ ఈ నాలుగవ పనికి పోరాదు. మన పెట్టెలో వారి రూపాయి ఉండగా, వారికై ప్రభుత్వమును అడుగుటకు మనకు నోరు రాదు.

వేసవి రాగానే బాటసారులకై చలివేంద్రము పెట్టుట మన పెద్దల ఆచారము. ఊరి మొగమున పందిరి వేసి, క్రొత్త కుండలలో నీరు పోసి, మజ్జిగ కలిపి ఇచ్చెడివారు. త్రాగువాని కులమును, ఊరును అడుగలేదు, కడవకు వెల కట్టలేదు. నేటికిని హోసూరు రస్తాలో మనము పందిరి వేయుచున్నాము, సంతోషమే. కాని దారిని పోవువానికి మజ్జిగ పోసి, మన వెనుకవాకిట నున్న ముసలమ్మవద్ద గాలికి వెల తీసికొనుట ఏ ధర్మము? ఈ సంవత్సరపు చలివేంద్రము మన గదుల వరుసనుండి మొదలు కావలెను.

ఆ ముసలమ్మ ఇప్పటికిని ఆ గదిలోనే యున్నది. మొన్న మధ్యాహ్నము అద్దెకై పోయి తలుపు తట్టితిని. లోపల ఫ్యాను చప్పుడు వినబడినది. ఆమె నిద్రించుచున్నదని గ్రహించి, లేపక తిరిగి వచ్చితిని. అద్దెను మరునాడు తీసికొన్నాను.

 పేర్లు నమోదు చేయు పుస్తకమును వాకిటిలోని బల్లమీద ఉంచితిమి. నా వరుస పేరు మొదట వ్రాసితిని. తక్కిన పేర్లు మీరు వ్రాయుడు.